ట్రాక్టర్ సరే, వెనక ఏం తగిలిద్దాం?

ప్రతి నెలా ఒకటో తారీఖున ట్రాక్టర్ కంపెనీలు కిందటి నెల అమ్మకాల లెక్క చెప్తాయి. తెల్లారి పేపర్లో బిజినెస్ పేజీ మూలన ఒక వార్త పడుతుంది. లెక్క పెరిగితే పల్లెల్లో డబ్బు ఆడుతున్నట్టు, తగ్గితే వానలు మొండికేసినట్టు. షేర్ మార్కెట్ మనుషులకు రైతు గురించి అందే సమాచారం దాదాపు ఇంతే. 2022-23లో దేశంలో 9 లక్షలకు పైగా ట్రాక్టర్లు అమ్ముడుపోయాయి. సంఖ్య లెక్కన ప్రపంచంలో ఇంత పెద్ద ట్రాక్టర్ మార్కెట్ ఇంకోటి లేదు. పైగా ఇవి బయట నుంచి తెచ్చుకున్నవి కావు. ఫరీదాబాద్, మొహాలీ, హోషియార్‌పూర్, పుణె, చెన్నై, మన జహీరాబాద్... అన్నీ ఇక్కడ బిగించినవే.

నేను మెకానికల్ డిప్లొమా చదివాను. ఉద్యోగం హనుమకొండలో, నాలుగెకరాల చెల్క నర్సంపేట దగ్గర ఊళ్లో. అందుకే ఈ లెక్కను మెకానిక్ కంటితోనూ చూస్తాను, రైతు కంటితోనూ చూస్తాను. మెకానిక్‌కి గర్వంగానే ఉంటుంది. రైతుకు మాత్రం ఒక సందేహం తీరదు. ఇన్ని లక్షల ఇంజన్లు వచ్చాక కూడా మా చేన్లో దున్నుడు తప్ప మిగతా పనులన్నీ మనిషి నడుము మీదనే ఎందుకు నడుస్తున్నాయి? నాకు తోచిన జవాబు ఇది. ట్రాక్టర్ తయారీలో ఈ దేశం గెలిచింది. ట్రాక్టర్ వెనక తగిలించే పనిముట్టు దగ్గర చేతులెత్తేసింది. ఆ రెండో పని వరంగల్, కరీంనగర్ లాంటి ఊళ్లు చేసి ఉండాల్సింది. ఇప్పటికైనా చేయొచ్చు.

ముందు ఆ గెలుపు ఎలా వచ్చిందో చూడాలి. అది ఊరికే రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దగ్గర ఉన్నవి యుద్ధంలో వాడి వదిలేసిన బండ్లు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం దగ్గర మిగిలిన ట్రాక్టర్లతో సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ అని ఒకటి పెట్టి, రెల్లుగడ్డి పట్టి బీడు పడిన భూములను దున్నించారు. 1956లో సోవియట్ యూనియన్ ఇచ్చిన యంత్రాలతో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో వేల ఎకరాల సర్కారు వ్యవసాయం మొదలైంది. 1959 ఏప్రిల్‌లో ఫరీదాబాద్‌లో ఐషర్ మొదటి దేశీ ట్రాక్టర్‌ను బయటికి తెచ్చింది. 1961-62లో దేశం మొత్తం మీద తయారైనవి 880. ఇవాళ ఆ సంఖ్యను సగం రోజులోపే దాటేస్తాం.

ఆ తర్వాత వచ్చిన వాళ్లలో దాదాపు అందరూ ఎవరో ఒక విదేశీ కంపెనీ చేయి పట్టుకొని నడిచిన వాళ్లే. మద్రాసులో టాఫేకి మెస్సీ ఫెర్గుసన్, మహీంద్రాకి అమెరికా వాళ్ల ఇంటర్నేషనల్ హార్వెస్టర్, ఎస్కార్ట్స్‌కి ముందు పోలండ్ ఉర్సుస్, తర్వాత ఫోర్డ్. 1971లో పింజోర్‌లో కేంద్ర ప్రభుత్వ కంపెనీ హెచ్ఎంటీ మొదలుపెట్టింది చెకోస్లొవేకియా వాళ్ల జెటర్‌తో. తప్పేం లేదు, పని అట్లనే నేర్చుకుంటారు.

వీళ్లందరిలో స్వరాజ్ దారి వేరు. 1965లో దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థకు మన దేశానికి పనికొచ్చే ట్రాక్టర్‌ని సొంతంగా డిజైన్ చేసే పని అప్పగించారు. అప్పుడు దాని డైరెక్టర్ మన్ మోహన్ సూరి. డిజైన్ తయారైంది, బండి నడిచింది. కానీ దాన్ని ఫ్యాక్టరీకి ఎక్కించేది ఎవరు? హెచ్ఎంటీ జెటర్ దారి పట్టింది. సర్కారు లాబ్‌లో పుట్టిన డిజైన్లకు మామూలుగా జరిగేదే దీనికీ జరిగేది, బీరువాలో చెదలు పట్టేది. పంజాబ్ ప్రభుత్వం ముందుకొచ్చి దాన్ని తీసుకుంది. 1970లో పంజాబ్ ట్రాక్టర్స్ అనే కంపెనీ పెట్టింది. రైల్వేలో ఇంజనీరుగా చేసిన చంద్రమోహన్ దాన్ని నడిపారు. 1974లో మొహాలీ నుంచి స్వరాజ్ 724 వచ్చింది. 1980 నాటికి వాళ్లే సొంతంగా వరికోత మిషన్ కూడా చేశారు. 2007లో కంపెనీ మహీంద్రా చేతిలోకి పోయింది కానీ పేరు పోలేదు, ఇప్పటికీ మా మండలంలో స్వరాజ్ కొనే వాళ్లు స్వరాజే కొంటారు, వేరేది చెప్తే వినరు. అటు జెటర్‌ని నమ్ముకున్న హెచ్ఎంటీ ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి 2016లో తాళం వేయడానికి కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది.

సోనాలిక కథ ఇంకా చిన్న చోట మొదలైంది. 1969లో హోషియార్‌పూర్‌లో నూర్పిడి మిషన్లు, పనిముట్లు చేసుకునే వాళ్లు. 1996లో ట్రాక్టర్ చేశారు. అంటే పాతికేళ్లకు పైగా వెనక తగిలించేవి, పక్కన నడిపేవి చేసి చేసి, రైతు ఎక్కడ తిట్టుకుంటాడో తెలుసుకొని, ఆ తర్వాత ముందుండే ఇంజన్ దగ్గరికి వచ్చారు. నాకు ఈ వరస చాలా ముఖ్యం. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

అసలు ట్రాక్టర్ అంటే ఏమిటి? హ్యారీ ఫెర్గుసన్ అనే ఐర్లండ్ మెకానిక్ రాకముందు నాగలిని ట్రాక్టర్‌కు బండిలా కట్టి ఈడ్చేవాళ్లు. నాగలి కర్రు రాయికి తగిలితే వెనక ఆగిపోయి, ముందు చక్రాలు లేచి, బండి డ్రైవర్ మీదనే తిరగబడేది. ఫెర్గుసన్ మూడు చేతుల లింకేజీ, హైడ్రాలిక్ లిఫ్ట్ కలిపి పనిముట్టునూ బండినీ ఒకే శరీరం చేశాడు. ఇప్పుడు మనం చూసే ప్రతి ట్రాక్టర్ వెనక ఆ మూడు చేతులే. వాటి మధ్యలో నిమిషానికి 540 సార్లు తిరిగే పీటీఓ షాఫ్ట్. ఇంజన్ బలాన్ని వెనక ఉన్న ఏ యంత్రానికైనా అందించే ఏర్పాటు అది. నా దృష్టిలో ట్రాక్టర్ అంటే ఆ మూడు చేతులూ ఆ షాఫ్టూ. వాటికి ఏం తగిలించాలన్నది మన మీద వదిలేశారు. మనం దున్నే కల్టివేటర్ తగిలించాం, మట్టిని పొడి చేసే రోటవేటర్ తగిలించాం, ట్రాలీ తగిలించాం. అక్కడితో ఆగిపోయాం.

ఇది నా ఒక్కడి చాదస్తం కాదు. మన వ్యవసాయంలో యంత్రాల వాడకం మొత్తం మీద 47 శాతం అని వ్యవసాయ పరిశోధన మండలి లెక్క. దాన్ని పనులవారీగా విడదీస్తే అసలు సంగతి బయటపడుతుంది. దుక్కి పనిలో 70 శాతం. విత్తనం, నాటు దగ్గర 40. కలుపు, అంతర కృషి దగ్గరికి వచ్చేసరికి మూడో వంతే. అంటే తొమ్మిది లక్షల బండ్లూ ప్రధానంగా చేసేది మొదటి పని ఒక్కటే.

మా చేన్లో అది ఎట్లుంటుందో చెప్తాను. తెలంగాణలో ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి వేస్తారు. దుక్కి ట్రాక్టర్‌తో అయిపోతుంది, ఎకరానికి గంట. మృగశిర కార్తె వాన పడగానే అచ్చు తోలి, గింజ పెడతాం. మూడో వారానికి కలుపు. ఇక్కడి నుంచి ట్రాక్టర్ గట్టు మీదనే ఆగిపోతుంది. 45 హెచ్‌పీ బండి వెనక టైరు వెడల్పే 13.6 అంగుళాలు. నేల నుంచి బండి పొట్ట దాకా అడుగున్నర ఎత్తు కూడా ఉండదు. మూడడుగుల సాలులో రెండడుగులు పెరిగిన పత్తిలోకి దాన్ని దింపితే కలుపుతో పాటు పత్తి కూడా పడుకుంటుంది. కాబట్టి మళ్లీ అరకే కావాలి. ఎడ్ల మూతులకు చిక్కాలు కట్టి, దంతె కట్టి, నిలువు సాళ్లు ఒకసారి, అడ్డం సాళ్లు ఒకసారి. దంతె చేసే పని చూడముచ్చటగా ఉంటుంది. రెండంగుళాల లోతున మట్టిని గీరుకుంటూ, గడ్డి వేళ్లను తెంపి ఎండకు ఆరబెడుతుంది, పత్తి వేరును తాకదు. తోలే మనిషి మేడి మీద చేయి ఒత్తిడిని అడుగడుక్కీ మారుస్తుంటాడు. కొండ్ర చివరికి రాగానే ఎడ్లు చెప్పకుండానే తిరుగుతాయి.

సమస్యేమిటంటే ఇప్పుడు ఊళ్లో ఎడ్లు లేవు. ట్రాక్టర్ వచ్చాక దుక్కికి ఎడ్లు అక్కర్లేదు. దుక్కి లేకపోతే ఏడాదంతా మేపడం ఎవరికీ గిట్టదు. ఉన్న నాలుగైదు జతలకే అందరూ ఎగబడతారు. వాన పడి పదును కుదిరిన రోజున మా ఊళ్లో అరక దొరకడం పెళ్లి ముహూర్తాల్లో పురోహితుడు దొరకడం లాంటిది. ట్రాక్టర్ ఎడ్లను పంపించింది కానీ ఎడ్లు చేసే పనులన్నీ తాను తీసుకోలేదు. ఒకటి తీసుకొని మిగతావి అట్లనే వదిలేసింది.

ఆ ఖాళీలోకి ఏం వచ్చిందో అందరికీ తెలుసు, గట్టిగా మాట్లాడరు. కలుపు మందు తట్టుకునే దొంగ పత్తి విత్తనాలు వచ్చాయి. సర్కారు అనుమతి లేదు, రైతులకు మాత్రం దొరుకుతాయి. మొక్క మీద పడ్డా చావదు కాబట్టి గ్లైఫోసేట్ కొట్టేస్తున్నారు. ప్రభుత్వం ఆ మందు మీద ఆంక్షలు పెట్టింది, ఏటా దాడులు చేస్తుంది, ఏటా బస్తాలు పట్టుకుంటుంది. పట్టుకున్నవి చూపించి ఫోటోలు దిగడం కూడా ఏటా ఉంటుంది. రైతు ఎందుకు కొంటున్నాడో అడిగిన వాళ్లు తక్కువ. సరైన పనిముట్టు లేని చోటికి మందు డబ్బా వచ్చింది, అంతే.

ఇక లెక్కల సంగతి. ట్రాక్టర్ ఆయుష్షు 10,000 గంటలని, ఏడాదికి 1,000 గంటలు నడిస్తే గిట్టుబాటని వ్యవసాయ ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉంటుంది. మన రాష్ట్రంలో సగటు కమతం 2015-16 లెక్కల ప్రకారం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. పోనీ ఐదెకరాల రైతు అనుకుందాం. రెండు పంటలకూ దున్ని, కరిగెట చేసి, ఎంత తిప్పినా సొంత భూమిలో యాభై గంటలు దాటవు. మిగిలిన తొమ్మిది వందల యాభై గంటలు ఎక్కడి నుంచి రావాలి? ఊళ్లో కిరాయి దున్నకం కొంత. అది కూడా అందరికీ ఒకేసారి పదును కుదిరినప్పుడే, వారం పది రోజులు. ఆ వారంలో డ్రైవర్‌కు నిద్ర ఉండదు, తర్వాత నెల రోజులు బండికి పని ఉండదు.

మా చిన్నాయన ట్రాక్టర్ కొన్నప్పుడు ఇంట్లో బోనాల పండుగ చేసినంత పని చేశారు. ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర అప్పు, ఆరు నెలలకో కిస్తు. మొదటి కిస్తు దుక్కి కిరాయిలతో కట్టాడు. రెండోది పత్తి అమ్మి కట్టాడు. ఆ మరుసటేడు వానలు దెబ్బకొట్టాయి, కిస్తు తప్పింది. కంపెనీ మనుషులు ముగ్గురు వచ్చి బండిని కల్లం దగ్గర నుంచి నడుపుకుంటూ పోయారు. వడ్డీ, దాని మీద వడ్డీ, బండిని తీసుకుపోయినందుకు ఖర్చు అని ఇంకో లెక్క, అన్నీ కట్టి విడిపించుకొచ్చాక చిన్నాయన మాట మారింది.

"దున్నుడుకే అయితె ఎప్పుడో అమ్ముకుంటుంటి బిడ్డా. గీ బండిని బతికిచ్చేది ఇసుక, మొరం, ఇటుక. నాగలి కాదు."

నిజమే. ఆకేరు, మానేరు వాగుల పక్కన నిలబడి చూడండి, ట్రాక్టర్ల వరస ఎంత పొడుగుంటుందో. దేశంలో ట్రాక్టర్ పరిశ్రమ పెరిగింది అంటున్నప్పుడు ఆ పెరుగుదలలో కొంత వాటా ఇళ్ల నిర్మాణానిది, కొంత అప్పు ఇచ్చే కంపెనీలది. కంపెనీల వాళ్లకు అది తెలియక కాదు. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన బండ్లకు కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి, ఖర్చు పెరిగింది. ఇప్పుడు షోరూముకు పోతే సేల్స్‌మన్ ముందు చూపించేది 49 హెచ్‌పీ మోడల్. నిబంధన ఒక్క హెచ్‌పీ జరిగితే దానికి సరిపడా ఇంజన్‌ను మార్చగల ఇంజనీర్లున్న దేశం ఇది. పత్తి సాలు మూడడుగులుంటుందన్న సంగతి వాళ్లకు అందకుండా పోయిందంటే నేను నమ్మను. అడిగే గిరాకీ లేదు, అంతే. 2025 సెప్టెంబర్‌లో ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, మంచిదే. బండి చౌకైతే గంటలు పెరగవు కదా.

వరంగల్ ఆటోనగర్‌లో ట్రాలీలు చేసే షెడ్డు ఒకటుంది, తీరిక దొరికితే అక్కడ కూర్చుంటాను. నేను చదివిన చదువు మొత్తం అక్కడ చేత్తో జరుగుతుంటుంది. డ్రాయింగ్ ఉండదు. నేల మీద సుద్దముక్కతో గీత, దాని మీద సి-ఛానల్ పరుస్తారు. మూలమట్టం పెట్టి చూసి, ముందు నాలుగు చోట్ల చుక్కల్లా వెల్డింగ్ పెట్టి, కర్ణాలు కొలిచి, రెండూ సమానంగా వచ్చాకే పూర్తి వెల్డింగ్. ఇరుసు కొత్తది, కమాన్లు పాత లారీవి, టైర్లు కూడా చాలాసార్లు లారీవే. వెనక డోర్ మీద పెయింటర్ వచ్చి "రైతే రాజు" అని రాసిపోతాడు, పైసలు మాత్రం రాజు దగ్గర బాకీ. మేస్త్రీ అయిదో తరగతి దాకా చదివాడు. ఐదు టన్నుల బరువు పడితే ఛానల్ ఎక్కడ వంగుతుందో వేలితో చూపిస్తాడు, నేను ఇంటికొచ్చి లెక్క వేస్తే అక్కడే వస్తుంది.

ఒకసారి అడిగాను. "అన్నా, ట్రాలీకి బ్రేకు ఎందుకు పెట్టవు?"

"ఎవ్వలడుగుతరు సార్? బ్రేకు పెడితె రేటు పెరుగుతది. రేటు పెరిగితె పక్క షెడ్డుకు పోతరు."

2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీలను ఎక్కించుకొని పోతున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లు. ఆ ఒక్క ప్రమాదానికి కారణం బ్రేకే అని నేను అనడం లేదు. ఇంజన్ ఉన్న ముందు భాగాన్ని మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో సర్కారు కేంద్రం నెలల తరబడి పరీక్ష చేశాకే మార్కెట్లోకి వదులుతారు. మనుషులు కూర్చునే వెనక భాగాన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. తేడా అక్కడుంది.

ఇదే మేస్త్రీకి పత్తి కలుపు పనిముట్టు చేయడం రాదా? వస్తుంది. ఒక రైతు అడిగితే కల్టివేటర్ బద్దలను విరగ్గొట్టి, సాలు వెడల్పుకు సరిపడేలా మూడు దంతెలు ఒకే ఫ్రేముకు వెల్డింగ్ చేసి ఇచ్చాడు, నేను చూశాను. మినీ ట్రాక్టర్ కోసం చేసింది. మొదటిసారి దంతె లోతుకు దిగబడింది, రెండోసారి పక్కన లోతు చక్రాలు పెట్టాడు, కుదిరింది. ఆ ఒక్కటి చేసి ఊరుకున్నాడు. ఎందుకంటే ఆ పనిముట్టుకు సబ్సిడీ రాదు.

ఈ సబ్సిడీ ముడి విప్పకపోతే మిగతాదంతా గాలి మాటలే అవుతుంది. కేంద్రం వ్యవసాయ యంత్రాల పథకంలో రైతుకు రాయితీ రావాలంటే ఆ యంత్రం గుర్తింపు ఉన్న కేంద్రంలో పరీక్ష పాసై, కంపెనీ పేరు జాబితాలో ఉండాలి. నియమం మంచిదే, నాసిరకం సరుకు రాకుండా పెట్టిందే. కానీ పరీక్ష ఫీజు, రవాణా, కాగితాలు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఇవన్నీ భరించగలిగేది రాజ్‌కోట్‌లో శక్తిమాన్, కర్నాల్‌లో ఫీల్డ్‌కింగ్ లాంటి పెద్ద కంపెనీలు. ఏడాదికి ముప్పై పనిముట్లు చేసే షెడ్డు భరించలేదు. ఫలితం ఏమిటంటే రాజ్‌కోట్ నుంచి లారీలో వచ్చిన రోటవేటర్ రాయితీ మీద సగం ధరకు దొరుకుతుంది, ఆటోనగర్‌లో చేసిన దంతె పూర్తి ధర పెట్టి కొనాలి. అందుకే ప్రతి ఊళ్లో రోటవేటర్లున్నాయి, కలుపు పనిముట్లు లేవు.

రాజ్‌కోట్ పేరు వచ్చింది కాబట్టి చెప్తాను. సౌరాష్ట్రలోనూ పత్తే, వేరుశనగే. అక్కడా ఎడ్లు తగ్గాయి, అక్కడా కలుపు సమస్యే. అమ్రేలీ జిల్లాలో మన్సుఖ్‌భాయ్ జగానీ అనే ఆయన 1994లో బుల్లెట్ మోటార్‌సైకిల్‌కు వెనక చక్రం తీసేసి, రెండు చక్రాల ఇరుసూ కలుపు గొర్రూ తగిలించి, బుల్లెట్ సంతి అని ఒక యంత్రం చేశాడు. జనం నవ్వుకున్నారో లేదో కానీ కొన్నారు, చుట్టుపక్కల షెడ్లన్నీ దాన్ని చూసి చేయడం మొదలుపెట్టాయి. రాజ్‌కోట్‌లో కెప్టెన్ అనే కంపెనీ పత్తి సాళ్ల మధ్య పట్టే మినీ ట్రాక్టర్లు చేస్తుంది. డీజిల్ ఇంజన్లు చేసే చిన్న షెడ్లు ఆ ఊళ్లో ముందు నుంచే ఉన్నాయి కాబట్టి అది సాధ్యమైంది. హోషియార్‌పూర్ వరసే ఇది కూడా. ముందు చిన్న షెడ్డు పని, తర్వాత ట్రాక్టర్.

మనకేం తక్కువ? 1959లో, ఫరీదాబాద్‌లో మొదటి ట్రాక్టర్ వచ్చిన ఏడాదే, అక్టోబర్ 10న నెహ్రూ కాజీపేటలో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి పునాదిరాయి వేశాడు. దేశంలో ఆ రకం కాలేజీల్లో మొదటిది. ఇప్పుడది ఎన్ఐటీ. తప్పు కాలేజీదని నేను అనను, ఆ పిల్లల చదువుకు తగ్గ ఉద్యోగం ఈ ఊళ్లో ఎప్పుడు ఇచ్చాం కనుక? అయినా ఆ గేటుకూ ఆటోనగర్ షెడ్డుకూ మధ్య ఆటోలో అరగంట దూరం, అరవై ఏళ్లుగా ఆ అరగంట ఎవరూ ప్రయాణం చేయలేదనే అనిపిస్తుంది. పోనీ చదువు లేనిదే యంత్రం రాదా అంటే అదీ కాదు. పక్కనే ఆలేరులో చింతకింది మల్లేశం, చీరకు నూలు చుట్టీ చుట్టీ తల్లి చేతులు నొప్పి పుడుతున్నాయని, ఆ పని చేసే ఆసు యంత్రం కనిపెట్టి పద్మశ్రీ తీసుకున్నాడు. ఆర్మూరు, మెట్‌పల్లి వైపు పసుపు రైతులు ట్రాక్టర్ వెనక తవ్వే పనిముట్లు, మెరుగు పెట్టే డ్రమ్ములు తిప్పుకుంటున్నారు. అవసరం గట్టిగా ఉన్న చోట మనవాళ్లూ చేస్తున్నారు.

మన నాయకులకు పరిశ్రమ అంటే ప్రహరీగోడ, గేటు, శిలాఫలకం. వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు మూతపడిన బాధ నుంచి మన ఊరు తేరుకోలేదు కాబట్టి అట్లాంటిదే మరొకటి రావాలని అడుగుతుంటాం, వస్తే మంచిదే. జహీరాబాద్‌లో మహీంద్రా ప్లాంటు వచ్చింది, మన రాష్ట్రంలోనే ట్రాక్టర్ బిగిస్తున్నారు, సంతోషం. అయితే ఆ ప్లాంటు నుంచి వచ్చిన బండి కూడా మా పత్తి చేను గట్టు దగ్గరే ఆగుతుంది. ఆటోనగర్‌లో ఇప్పటికే వందల మంది వెల్డింగ్ చేస్తున్నారు, వాళ్లను లెక్కలో పరిశ్రమ అనరు.

ఇక్కడ మా అమ్మ ఒక ప్రశ్న వేసింది, దాన్ని దాటేయలేను. కలుపు మిషన్ వస్తే కలుపు తీసే ఆడవాళ్ల కూలి ఏం కావాలె? వరికోత మిషన్ వచ్చినప్పుడు కోత కూలి అట్లనే పోయింది. ఆ ప్రశ్నకు సుఖమైన జవాబు నా దగ్గర లేదు. ఒకటి మాత్రం చెప్పగలను. ఆ కూలి ఇప్పటికే పోతోంది, పంపు భుజాన వేసుకున్న ఒక మనిషి గ్లైఫోసేట్‌తో పూటలో పది మంది పని చేస్తున్నాడు. ఆ డబ్బు మందు కంపెనీకి పోతుంది, మందు మన బావిలోకి పోతుంది. అదే పని పనిముట్టు చేస్తే కనీసం నడిపేవాడి కూలి, చేసినవాడి కూలి ఈ జిల్లాలోనే ఉంటాయి. పత్తి ఏరుడు, మిరప ఏరుడు ఇంకా చేతి పనులే, వాటికి మనుషులు చాలక ఛత్తీస్‌గఢ్ నుంచి, మహారాష్ట్ర నుంచి వస్తున్నారు. నాట్లకు బీహార్ నుంచి కూడా వస్తున్నారు. మా అమ్మ పూర్తిగా ఒప్పుకోలేదు. "మిషన్ ఎవ్వలదైతదో జూడు ముందు" అన్నది. అది సరైన ప్రశ్నే.

మిషన్ ఎవరిది కావాలి? ఐదెకరాల రైతు ఇంకో అప్పు చేసి కొనాల్సిన పని లేదు. పల్లె ప్రగతి కింద రాష్ట్రంలోని 12,769 గ్రామ పంచాయతీలకూ ట్రాక్టర్లు ఇచ్చారు. ప్రతి ఊళ్లో ఒకటి, దానికో ట్రాలీ, ఒక ట్యాంకర్. పొద్దున చెత్త ఎత్తుతుంది, ఎండాకాలం మొక్కలకు నీళ్లు పోస్తుంది, మధ్యాహ్నం నుంచి పంచాయతీ ఆఫీసు ముందు చెట్టు నీడన నిలబడి ఉంటుంది. కిస్తులు మాత్రం పంచాయతీ నిధుల్లోంచి పోయాయి. ఆ బండి వెనక కూడా అవే మూడు చేతులు, అదే పీటీఓ. మా నర్సంపేట డివిజన్‌లో ఒక నాలుగు ఊళ్లకు పంటలవారీగా పనిముట్లు పంచి పెట్టొచ్చు. ఒక ఊళ్లో విత్తే యంత్రం, ఇంకో ఊళ్లో వరిగడ్డి కట్టలు చుట్టే బేలర్, అది ఉంటే కొయ్యకాళ్లకు నిప్పు పెట్టే పని తప్పుతుంది. పత్తి మొదటి కలుపుకు, మొక్క చిన్నగా ఉన్నప్పుడు, పెద్ద బండే సరిపోతుంది, దంతెల ఫ్రేము సరిగ్గా చేస్తే చాలు. తర్వాతి కలుపులకు నాలుగు ఊళ్లకు కలిపి ఒక మినీ ట్రాక్టర్ కావాలి. పనిముట్లు ఆటోనగర్‌లో చేయించాలి. పరీక్ష ఫీజు పరిశ్రమల శాఖ కట్టాలి, డ్రాయింగ్ గీసి పెట్టే బాధ్యత ఇంజనీరింగ్ కాలేజీ ఫైనలియర్ పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వాలి. ఇవేవీ కోట్ల రూపాయల పనులు కావు, అందుకే శిలాఫలకం పడదేమో.

ఈ మాటే మా పక్క ఊరి మాజీ సర్పంచ్‌తో అంటే ఆయన నవ్వి, "ఊళ్లె ట్రాక్టరోళ్లు ఊకుంటరా? వాళ్ల కిరాయి మీద దెబ్బ కొడ్తే రేపు ఓట్లేస్తరా?" అన్నాడు. దున్నుడు కిరాయి వాళ్లదే, పంచాయతీ బండి నాగలి ముట్టుకోవద్దని తీర్మానంలోనే రాసుకుందాం అన్నాను. కలుపు పనిముట్టు ఊళ్లో ఏ ఓనర్ దగ్గరా లేదు, లేని కిరాయికి దెబ్బ ఎట్లా పడుతుంది? ఆయన కాసేపు ఆలోచించి, డీజిల్ ఖర్చు ఏ పద్దు కింద రాయాలని అడిగాడు.